పంటల పెరుగుదల, పోషణలపై విరళ మృత్తిక మూలకాల ప్రభావం

రేర్ ఎర్త్ అనే పేరుతో ప్రసిద్ధమైన విరళ మృత్తిక మూలకాలు నేడు అయస్కాంతాలు, బ్యాటరీలు, దీపాల తయారీకి సంబంధించిన చర్చల్లోనే ఎక్కువగా వినిపిస్తున్నాయి. అయితే చైనాలో ఈ మూలకాల లవణాలను 1980ల నుంచి పంటలకు వాడుతున్నారు. స్వల్ప మోతాదులో విత్తనశుద్ధికిగాని పిచికారీకిగాని వాడితే దిగుబడి పెరుగుతుందని అక్కడి నివేదికలు పేర్కొన్నాయి. ఇతర దేశాలలో జరిగిన నియంత్రిత ప్రయోగాలు మాత్రం ఆ ఫలితాలను అన్ని సందర్భాల్లోనూ సమర్థించలేదు. కావున ఇవి పోషకాలా, పెరుగుదలను ప్రేరేపించే పదార్థాలా, లేక మోతాదు మించితే హాని చేసే లోహాలా అన్న విషయంలో స్పష్టత ఏర్పడిన తరువాతనే రైతుకు సలహా ఇవ్వడం సముచితం.

మూలకాలు, వాటి ఉనికి

లాంథనం నుంచి లుటీషియం వరకు గల 15 లాంథనైడ్లు, వాటితో పాటు స్కాండియం, ఇట్రియం కలిపి మొత్తం 17 మూలకాలు ఈ వర్గంలోకి వస్తాయి. స్వీడన్‌లోని ఇటర్‌బీ గ్రామం వద్ద 1787లో లభించిన ఒక నల్లని ఖనిజాన్ని 1794లో యోహాన్ గాడొలిన్ విశ్లేషించడంతో వీటి అధ్యయనం మొదలైంది. పేరులో ‘విరళ’ అని ఉన్నప్పటికీ ఇవి నిజానికి అంత అరుదైనవి కావు. భూపటలంలో సీరియం పరిమాణం కిలోకు సుమారు 60 మి.గ్రా.; అంటే రాగితో దాదాపు సమానం. ఒకేచోట గాఢంగా లభించకపోవడం, ఒకదాని నుంచి మరొకదానిని వేరుచేయడం కష్టం కావడం వల్లనే వీటికి ఆ పేరు స్థిరపడింది.

భారతదేశంలో వీటికి ముఖ్య ఆధారం సముద్రతీరపు ఇసుకలో లభించే మోనజైట్. కేరళలోని చవర, తమిళనాడులోని మనవాళకురిచ్చి, ఒడిశాలోని ఛత్రపురం ప్రాంతాలతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాలలో కూడా ఈ ఖనిజం ఉంది. ఇది ప్రధానంగా సీరియం, లాంథనం, నియోడిమియంల ఫాస్ఫేట్. ఇందులో థోరియం కూడా ఉంటుంది.

సాగునేలలో ఈ మూలకాలు ఎంత మేరకు ఉన్నాయో ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. హెక్టారు విస్తీర్ణంలో పైపొర మట్టి బరువు సుమారు 22 లక్షల కిలోలు. కిలో మట్టిలో ఈ మూలకాలన్నీ కలిపి 100 మి.గ్రా. ఉన్నాయనుకుంటే, హెక్టారుకు 220 కిలోలు ఉన్నట్లు లెక్క. పిచికారీ ద్వారా అందించేది కొన్ని వందల గ్రాములు మాత్రమే. నేలలోని మొత్తం నిల్వతో పోల్చితే ఇది వెయ్యింట ఒకటి రెండు పాళ్లకు మించదు. కావున ఇక్కడ పరిశీలించవలసింది నేలలోని మొత్తం పరిమాణాన్ని కాదు, మొక్కకు అందే రూపంలో ఉన్న పరిమాణాన్ని.

నేలలో లభ్యత

లభ్యతను నిర్ణయించే అంశాలలో మొదటిది నేల ఉదజని సూచిక. ఆమ్ల నేలల్లో ఈ మూలకాల అయాన్లు ద్రావణంలోకి ఎక్కువగా వస్తాయి. తటస్థ, క్షార నేలల్లో హైడ్రాక్సైడ్లుగా, కార్బొనేట్లుగా అవక్షేపిస్తాయి. రెండవది ఫాస్ఫేట్. లాంథనం ఫాస్ఫేట్ నీటిలో దాదాపు కరగదు. ఈ గుణం ఆధారంగానే సరస్సులలో అధిక భాస్వరాన్ని బంధించేందుకు లాంథనం కలిపిన బెంటొనైట్ మట్టిని ఆస్ట్రేలియాలో రూపొందించారు. మూడవది సేంద్రియ పదార్థం, బంకమట్టి. ఇవి అయాన్లను గట్టిగా పట్టి ఉంచుతాయి. తీరప్రాంతపు ఇసుక నేలల్లో మోనజైట్ ఉన్నా, అది ఫాస్ఫేట్ ఖనిజమే కావడం వల్ల అందులోని మూలకాలు మొక్కకు తేలికగా అందవు.

రైతుకు తెలియకుండానే ఈ మూలకాలు పొలంలోకి చేరే మార్గం మరొకటి ఉంది. రాక్ ఫాస్ఫేట్‌లో ఇవి సహజంగానే ఉంటాయి. ఫాస్ఫారిక్ ఆమ్లం తయారీలో వీటిలో అధిక భాగం ఫాస్ఫోజిప్సంలోకి వెళ్తుంది. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ తయారీలో జిప్సం వేరుకాదు కనుక రాతిలో ఉన్నవి ఎరువులోనే మిగులుతాయి. ఈ ఎరువులో కిలోకు 300 మి.గ్రా. ఉన్నాయనుకుని లెక్కిస్తే, హెక్టారుకు 60 కిలోల భాస్వరం నిమిత్తం వేసే 375 కిలోల ద్వారా 110 గ్రాములకు పైగా ఈ మూలకాలు నేలకు చేరుతాయి. వేరుశనగకు పూత దశలో హెక్టారుకు 500 కిలోల చొప్పున వేసే జిప్సం ఫాస్ఫోజిప్సం అయితే, ఆ మార్గంలోనూ కొంత చేరుతుంది. ఇవి పిచికారీ మోతాదుతో పోల్చదగిన పరిమాణాలు.

మొక్కలో గ్రహణ, పంపిణీ

వేరు ఉపరితలానికి చేరిన అయాన్లలో అధిక భాగం కణకవచాలలోని పెక్టిన్‌కు అంటుకొని అక్కడే నిలిచిపోతుంది. అంతస్త్వచంలోని కాస్పేరియన్ పట్టీ వీటిని మధ్యస్తంభంలోకి సులభంగా పోనివ్వదు. అందువలన సాధారణంగా వేళ్లలో అత్యధికంగా, ఆకుల్లో అంతకంటే తక్కువగా, కాండంలో ఇంకా తక్కువగా, గింజలో అత్యల్పంగా ఇవి కనిపిస్తాయి. దీనికి అపవాదాలూ లేకపోలేదు. దక్షిణ చైనా ఆమ్ల నేలల్లో పెరిగే డిక్రానాప్టెరిస్ అనే ఫెర్న్ తన ఆకుల ఎండు బరువులో కిలోకు వేల మిల్లీగ్రాముల మేరకు ఈ మూలకాలను కూడబెట్టగలదు. ఆకుపై పిచికారీ చేసినప్పుడు లాంథనం ఆకు కణాలలో ఎండోసైటోసిస్‌ను, అంటే కణత్వచం లోనికి ముడుచుకొని బయటి పదార్థాలను మింగే ప్రక్రియను, ప్రేరేపిస్తుందని 2014లో చైనా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఈ ప్రక్రియ ద్వారా ఇతర పదార్థాలు కూడా కణంలోకి ప్రవేశించవచ్చు కాబట్టి ఇది మేలుకూ కీడుకూ దారితీయగలదు.

కాల్షియంతో పోలిక

ఈ మూలకాల ప్రభావాన్ని అర్థం చేసుకోవడానికి కాల్షియంతో వాటికి గల పోలికే కీలకం. కాల్షియం అయాన్ వ్యాసార్థం సుమారు 100 పికోమీటర్లు. సీరియం, లాంథనం అయాన్ల వ్యాసార్థాలు వరుసగా సుమారు 101, 103 పికోమీటర్లు. పరిమాణం దాదాపు సమానమైనా, కాల్షియంపై ఉన్నది రెండు ధనావేశాలు, వీటిపై ఉన్నవి మూడు. కావున కాల్షియం కూర్చునే స్థానాలలో ఇవి మరింత గట్టిగా కూర్చుంటాయి. స్వల్ప గాఢతలో ఇది కణత్వచానికి స్థిరత్వాన్ని ఇవ్వవచ్చు. గాఢత పెరిగితే కాల్షియం కాలువలు మూసుకుపోతాయి. వృక్ష శరీరధర్మ శాస్త్ర ప్రయోగాలలో లాంథనంను కాల్షియం కాలువల నిరోధకంగా వాడడానికి కారణం ఇదే. కాల్షియం కణంలో సంకేతవాహకం కూడా కనుక, దాని కదలికకు అంతరాయం కలిగితే వేరు కొన పెరుగుదల, ఒత్తిడికి ప్రతిస్పందన వంటి అనేక చర్యలు మారుతాయి.

స్వల్ప మోతాదులో ప్రేరణ, అధిక మోతాదులో నిరోధం చూపే ఈ లక్షణాన్ని హార్మెసిస్ అంటారు. ఆవశ్యక పోషకానికి, హార్మెసిస్ చూపే పదార్థానికి మధ్య భేదాన్ని విద్యార్థులు గమనించాలి. ఆర్నన్, స్టౌట్ 1939లో ప్రతిపాదించిన ప్రమాణాల ప్రకారం ఆవశ్యక మూలకం లేనిదే మొక్క జీవితచక్రం పూర్తికాదు. దాని లోపాన్ని మరొక మూలకం తీర్చలేదు. మొక్క పోషణలో దానికి ప్రత్యక్ష పాత్ర ఉండాలి. విరళ మృత్తిక మూలకాలలో ఏ ఒక్కటీ పంట మొక్కల విషయంలో ఈ ప్రమాణాలకు నిలవలేదు. కావున వీటి లోపం వల్ల దిగుబడి తగ్గుతుందనడం శాస్త్రసమ్మతం కాదు.

రెండు దేశాల అనుభవం

చైనాలో ఈ దిశగా ప్రయోగాలు 1970ల ఆరంభంలో మొదలయ్యాయి. అనంతరం ‘చాంగ్‌లె’ పేరుతో సీరియం, లాంథనం నైట్రేట్లు ప్రధానంగా గల ఎరువు వాడుకలోకి వచ్చింది. గోధుమ, వరి, మొక్కజొన్న, వేరుశనగ, చెరకు తదితర పంటల్లో 5 నుంచి 15 శాతం దిగుబడి పెరిగిందని నివేదికలు వెలువడ్డాయి. మొలక శాతం, వేరు పెరుగుదల, పత్రహరితం మెరుగుపడినట్లు కూడా అవి పేర్కొన్నాయి.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మొక్కజొన్న, పెసర పైర్లపై లాంథనం, సీరియంల ప్రభావాన్ని పోషక ద్రావణంలో పరీక్షించారు. మామూలు పోషక ద్రావణంలో ఫాస్ఫేట్ ఎక్కువ కనుక ఈ మూలకాలు అవక్షేపించి, మొక్కకు నిజంగా ఎంత అందుతున్నదో తెలియకుండా పోతుంది. ఈ లోపాన్ని నివారించేందుకు వారు నేల ద్రావణాన్ని పోలిన మిక్కిలి పలుచని ద్రావణాన్ని వాడారు. 2008లో ప్రచురించిన ఫలితాల ప్రకారం తక్కువ గాఢతల్లో పెరుగుదలకు మేలేమీ కనిపించలేదు. గాఢత కొన్ని మైక్రోమోలార్లకు చేరేసరికి రెండు పైర్లలోనూ పెరుగుదల తగ్గింది. మొక్కజొన్న కంటే పెసర చాలా ఎక్కువగా దెబ్బతిన్నది. కాల్షియం, మాంగనీసు వంటి కొన్ని పోషకాల గ్రహణ కూడా తగ్గింది. పెసర, మినుము, కంది, శనగ విస్తారంగా సాగయ్యే తెలుగు రాష్ట్రాలలో పప్పుజాతి పైరు చూపిన ఈ సున్నితత్వం ప్రత్యేకంగా గమనించదగినది.

ఈ రెండు అనుభవాల మధ్య వైరుధ్యం పైకి కనిపించేటంత ఎక్కువ కాదు. ఒకటి పొలంలో పిచికారీ, మరొకటి వేరు వద్ద నిరంతర స్పర్శ. నేల రకం, భాస్వరం స్థాయి, పంట మారినప్పుడు ఫలితమూ మారుతుందన్నదే వీటి నుంచి గ్రహించవలసిన విషయం.

ఆకుపై సూక్ష్మజీవుల పాత్ర

విరళ మృత్తిక మూలకాలు జీవక్రియకు తప్పనిసరి అని రుజువైనది సూక్ష్మజీవులలోనే. మిథైలోబాక్టీరియం జాతుల్లో లాంథనైడ్ అయాన్‌పై ఆధారపడే మిథనాల్ డీహైడ్రోజినేజ్ ఎంజైమ్ ఉన్నట్లు 2011 తరువాతి పరిశోధనలు వెల్లడించాయి. ఇటలీలోని అగ్నిపర్వత ప్రాంతపు బురదగుంట నుంచి వేరుచేసిన ఒక మీథేన్‌భక్షక బాక్టీరియా ఈ మూలకాలు లేనిదే పెరగదని కూడా తేలింది. పెరుగుతున్న ఆకులు మిథనాల్‌ను విడుదల చేస్తాయి. దానిని ఆహారంగా తీసుకుని ఆకులపై జీవించేవి మిథైలోబాక్టీరియాలే. బెట్టను తట్టుకునేందుకు తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం పిచికారీకి సిఫారసు చేసే గులాబీ వర్ణపు పీపీఎఫ్ఎం బాక్టీరియా కూడా ఈ వర్గానిదే. కావున పిచికారీతో కనిపించిన మేలులో కొంత భాగం ఈ సూక్ష్మజీవుల ద్వారా మొక్కకు అంది ఉండవచ్చు. ఇది పరీక్షించదగిన ప్రతిపాదన మాత్రమే. వరి మాగాణుల్లోని మీథేన్‌భక్షక బాక్టీరియాలకూ ఈ పరిశీలనను విస్తరింపజేయవచ్చు.

ఆహార భద్రత

గింజలోకి చేరే పరిమాణం అత్యల్పమైనప్పటికీ ఆకు, దుంప పంటల విషయంలో జాగ్రత్త అవసరం. చైనా ఆహార ప్రమాణాలలో తేయాకుతో సహా పలు పదార్థాలకు ఈ మూలకాల గరిష్ఠ పరిమితి అమలులో ఉండి, 2017 నాటి సవరణలో తొలగించబడింది. కేరళ తీరంలో కనిపించిన ఎండోమయోకార్డియల్ ఫైబ్రోసిస్ అనే గుండె జబ్బుకు, మోనజైట్ నేలల్లో పండిన దుంపల ద్వారా అందే సీరియం, దానికి తోడు మెగ్నీషియం లోపం కారణం కావచ్చునని తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ పరిశోధకులు ప్రతిపాదించారు. అది నిర్ధారణ కాని పరికల్పనగానే మిగిలింది. అయినా నేల, ఆహారం, ఆరోగ్యం మధ్య సంబంధాన్ని పరిశీలించవలసిన అవసరాన్ని అది గుర్తుచేస్తుంది. వేసిన మూలకాలు నేల నుంచి సులభంగా తొలగిపోవు కనుక ఏటా వాడితే పైపొరలో అవి పోగుపడుతాయి.

క్షేత్ర పరీక్షలలో పాటించవలసిన అంశాలు

1. పోల్చి చూసే మడిలో నైట్రేట్‌ను సమం చేయాలి. లవణం నైట్రేట్ రూపంలో ఉన్నప్పుడు దానితో సమానమైన నత్రజనిని కంట్రోల్ మడికీ ఇవ్వాలి. నీటిని మాత్రమే పిచికారీ చేసిన మడి కూడా ఉండాలి.

2. భాస్వరం ఎరువును, జిప్సంను ముందుగా విశ్లేషించాలి. సూపర్ ఫాస్ఫేట్ వేసిన కంట్రోల్ మడిని విరళ మృత్తికలు అందని మడిగా భావించరాదు.

3. పిచికారీ ద్రావణంలో డీఏపీ, 19:19:19 వంటి ఫాస్ఫేట్ ఎరువులను కలపరాదు. అవక్షేపం ఏర్పడి రెండూ వృథా అవుతాయి.

4. నేల ఉదజని సూచిక, లభ్య భాస్వరం, మార్పిడికి వీలైన కాల్షియం, సేంద్రియ కర్బనం తప్పక నమోదు చేయాలి. ఆమ్ల, క్షార నేలల ఫలితాలను కలిపి సగటు తీయరాదు.

5. మోతాదులు కనీసం ఐదు ఉండాలి. ఒకే మోతాదుతో హార్మెసిస్ వక్రరేఖను గుర్తించడం సాధ్యం కాదు.

6. పునరావృతాల సంఖ్యను ముందుగా లెక్కించాలి. విచలన గుణకం 10 శాతం ఉన్న పరీక్షలో ఐదు మోతాదులు, నాలుగు పునరావృతాలతో సి.డి. విలువ సగటు దిగుబడిలో సుమారు 15 శాతం ఉంటుంది. అటువంటి పరీక్షలో 8 శాతం పెరుగుదల నిజమో యాదృచ్ఛికమో చెప్పలేము. ఆ తేడాను గుర్తించాలంటే సుమారు 13 పునరావృతాలు లేదా పలు ప్రాంతాల ఉమ్మడి విశ్లేషణ అవసరం.

7. గింజ, ఆకు, వేరులలో మూలకాల పరిమాణాన్ని, పైరు తరువాత నేలలో మిగిలిన పరిమాణాన్ని కొలవాలి.

విస్తరణకు సందేశం

1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు గుర్తించిన పోషకాలలో విరళ మృత్తిక మూలకాలు లేవు. జీవ ఉత్ప్రేరకాలను 2021లో ఆ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చినందున, అటువంటి ఉత్పత్తి ఏదైనా రైతు వద్దకు వచ్చినప్పుడు దాని నమోదు వివరాలను, కూర్పును పరిశీలించాలి. జింకు, బోరాన్, గంధకం లోపాలు భూసార పరీక్షలో బయటపడిన పొలంలో ముందుగా వాటిని సవరించడమే రైతు పెట్టుబడికి తగిన ప్రతిఫలం ఇస్తుంది. విరళ మృత్తిక మూలకాలు పరిశోధనకు విలువైన విషయం; పంట, నేల, మోతాదులను బట్టి వాటి ప్రభావం మారుతుంది. స్థానిక నేలల్లో, స్థానిక పంటలపై తగినన్ని పునరావృతాలతో రుజువయ్యేంత వరకు వాటిని సాధారణ సిఫారసులో చేర్చడానికి ఆధారం లేదు. ముఖ్యంగా పప్పుధాన్యాల సాగులో అటువంటి తొందరపాటు రైతుకు ఖర్చుతో పాటు దిగుబడి నష్టాన్ని కూడా తెచ్చే అవకాశం ఉంది.