హెపటైటిస్-బి : పరీక్ష, పథ్యము

కామెర్లు అను మాట వినగానే మన ఇండ్లలో మొదట పుట్టు ప్రశ్న "ఏమి తినవలెను, ఏమి తినరాదు?" అన్నది. తెలుగువారు దీనిని పథ్యమందురు. ఉర్దూ మాట్లాడు ఇండ్లలో యర్ఖాన్ వచ్చినవానికి పర్హేజ్ అందురు. పేరేదైనను పద్ధతి ఒకటే: నూనె లేదు, పప్పు లేదు, రోజుల తరబడి మజ్జిగన్నము. హెపటైటిస్-బి విషయమున మాత్రము ముందుగా అడుగవలసినది రక్తములో ఏమున్నదని.

ఈ వ్యాధికి మూలము కాలేయమును పట్టు ఒక వైరస్. ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తమున కనిపించిన కొత్త పదార్థమును గూర్చి బ్లంబర్గ్ అను శాస్త్రజ్ఞుడు 1965లో ప్రకటించెను. అది ఈ వైరస్ పైపొర అని తరువాత తేలినది; 1976లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. నేడు హెచ్.బి.ఎస్.ఏజి. అను పరీక్ష వెదకునది దానినే. రక్తము, శుద్ధిచేయని సూది, ఒకరు వాడిన క్షౌరపు బ్లేడు, లైంగిక సంపర్కము, తల్లినుండి శిశువునకు ప్రసవ సమయము: ఇవి దాని దారులు. నీటివలన, అన్నమువలన వచ్చు కామెర్లు వేరు. అవి ఏ, ఇ రకములు.

రక్తదానము చేయబోయి ఈ పరీక్షలో పాజిటివ్ అని తేలిన ఒక విద్యార్థికి వసతిగృహమున కంచము, గ్లాసు వేరుచేసిన సంగతి మేమెరుగుదుము. అతడు పరీక్షలు వ్రాయకయే ఊరికి పోయెను. ఒకే పంక్తిన భుజించుటవలన ఈ వైరస్ సోకదు. ఆ కంచము వేరుచేయుటకు వైద్యశాస్త్రమున ఏ ఆధారమును లేదు.

హెచ్.బి.ఎస్.ఏజి. పాజిటివ్ అనగా వైరస్ ఇప్పుడు శరీరములో ఉన్నదని అర్థము. ఆరు నెలలు దాటినను అట్లే యున్న యెడల దీర్ఘవ్యాధి యందురు. పెద్దవారిలో నూటికి అయిదుగురికంటె తక్కువమందికే అట్లగును. పుట్టుకతో సోకిన శిశువులలో నూటికి 90 మందికి. యాంటీ-హెచ్.బి.ఎస్. అను రక్షకము 10 యూనిట్లు, అంతకు మించి యున్న రక్షణ కలదని భావింతురు. యాంటీ-హెచ్.బి.సి. అనునది ఎన్నడో ఒకప్పుడు వైరస్ సోకిన వారికే ఉండును. టీకావలన అది రాదు. ఈ భేదము తెలియక రిపోర్టు చూచి బెదరువారు పెక్కుమంది.

సూది గుచ్చుకొన్నవారు ఆ చోటును సబ్బునీటితో కడిగి, వీలైనంత త్వరగా, 24 గంటలలోపుగా వైద్యుని చేరవలెను. మునుపు టీకా లేనివారికి మొదటి మోతాదు అప్పుడే ఇచ్చి, నెలకు, ఆరు నెలలకు తక్కినవి ఇత్తురు. ఎదుటివారి రక్తమున వైరస్ ఉన్నచో ఇమ్యునోగ్లోబ్యులిన్ సూదిమందు కూడ అవసరమగును. మరునాడే పరీక్షించి "ఏమియు లేదు" అని ఊరడిల్లరాదు. వైరస్ రక్తమున కనబడుటకు సాధారణముగా నాలుగు మొదలు ఎనిమిది వారములు పట్టును. అన్నట్టు, ఈ టీకాను మన దేశమున జన్యుసాంకేతిక పద్ధతిలో తొలుత తయారుచేసి 1997లో విడుదల చేసినది హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్.

ఇక ఆహారము. సోకిన వైరస్‌ను ఏ పథ్యమును ఆపజాలదు. పప్పు, గ్రుడ్లు, చేపలు, కూరలు, పండ్లు మామూలుగా తినవచ్చును. మాంసకృత్తులు మానిన రోగి నీరసించుటే గాని కాలేయమునకు మేలు లేదు. కడుపులో నీరు చేరినవారికి ఉప్పు తగ్గింతురు, అది వైద్యుని మాటపై. నిజముగా మానవలసినది మద్యము. బూజుపట్టిన వేరుసెనగ, మొక్కజొన్నలను పారవేయవలెను. ఆ బూజునందలి అఫ్లటాక్సిన్ అను విషము ఈ వైరస్ ఉన్నవారిలో కాలేయపు క్యాన్సరు భయమును మిక్కిలి పెంచును. పసరుమందులు వైరస్‌ను పోగొట్టునని రుజువు కాలేదు. కొన్ని కాలేయమునే చెరచును. జ్వరమునకు వాడు పారాసిటమాల్ సైతము మోతాదు మించరాదు.

దీర్ఘవ్యాధి యున్న వారందరికిని వెంటనే మందు అవసరము పడదు. వైరస్ ఎంత ఉన్నదో, కాలేయమెట్లున్నదో క్రమముగా పరీక్షించి వైద్యులు నిర్ణయింతురు. అవసరమైనవారికి టెనోఫోవిర్ వంటి మాత్రలు కలవు. ఇంటిలోని తక్కినవారు పరీక్ష చేయించుకొని, రక్షణ లేనిచో టీకా వేయించుకొనవలెను.