పాత బండికి ముందే కిక్ ఎందుకు కొట్టకూడదు?

తెలంగాణ పద్మశాలీలు ఎందరో వలస వెళ్లి స్థిరపడిన భివండిలో, ఏ పవర్‌లూమ్ షెడ్డు మూలనో యెజ్డీ మోటార్‌సైకిల్ ఒకటి ఏళ్లుగా పడి ఉందనుకోండి. దాన్ని తయారుచేసిన మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతబడింది కాబట్టి ఏదైనా భాగం విరిగితే బదులు దొరకడం కష్టం. అందుకే తొందర పనికిరాదు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు గాలి తగిలి జిగురుగా మారి, కార్బురేటర్ జెట్‌లోని వెంట్రుకంత రంధ్రాన్ని మూసేస్తుంది. కొంకణ్ వానల తేమకు సిలిండర్ లోపల తుప్పు పట్టి, పిస్టన్ రింగులు గోడకు అతుక్కుంటాయి. అప్పుడు బలంగా తంతే రింగు విరగొచ్చు. మగ్గాల దగ్గర ఎగిరే నూలు పీచు ఎయిర్ ఫిల్టర్‌ను ఎలా పూడ్చేస్తుందో చెప్పనే అక్కర్లేదు.

అందుకని ముందు స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో కాస్త పల్చని నూనె పోసి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు టాప్ గేరు వేసి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. పిస్టన్ కదిలితే సగం గండం గడిచినట్టే. ‘ఎన్నో పాత బళ్లు ఒక్క కిక్కుకే లేస్తాయి కదా?’ అంటారు. నిజమే, కానీ లేచినంత మాత్రాన బాగున్నట్టు కాదు. ఇది టూ స్ట్రోక్ ఇంజన్. క్రాంక్ పక్కనుండే రబ్బరు సీళ్లు గట్టిపడితే అక్కణ్నుంచి అదనపు గాలి లోపలికి దూరుతుంది. పెట్రోలు పాలు తగ్గి ఇంజన్ వేడెక్కుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. సీళ్లు మార్చి, కొత్త పెట్రోలులో టూటీ ఆయిల్ కలిపి, బ్రేకులూ టైర్లూ చూశాకే మెకానిక్‌ను కిక్ కొట్టమనండి.