ఇఫ్తార్ తరువాతి బీడీ

ఎండాకాలం వస్తే గూడూరు వైపు అడవుల్లో తునికాకు సేకరణ మొదలవుతుంది. ఆ ఆకుతో చుట్టే బీడీ మన ఇళ్ల పెద్దల వేళ్ల మధ్యకు ఏనాడు చేరిందో వారికే గుర్తుండదు. "ముప్పయ్యేళ్ల అలవాటు, ఇప్పుడేం పోతుంది?" అని మాయూస్ అవుతుంటారు.

అటువంటి బుజుర్గులను మేము అడిగేది ఒక్కటే. రంజాన్‌లో సహరీ నుంచి ఇఫ్తార్ దాకా పన్నెండు గంటలకు పైగా ఎలా ఉండగలుగుతున్నారు? మంచినీళ్లు సైతం ముట్టని మనిషికి హిమ్మత్ లేదంటే ఎవరు నమ్ముతారు? చిక్కంతా ఖర్జూరం తిన్న తరువాతే. కొందరు మగ్రిబ్ నమాజు కాగానే మస్జిద్ మెట్ల దగ్గరే వెలిగిస్తారు! పొగ మానిన 12 గంటల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి దిగుతుందని వైద్యులు చెబుతారు. దినమంతా శుభ్రపడిన రక్తంలోకి మళ్లీ అదే విషమా?

మొదటి వారం గడ్డుది. చిరాకు, నిద్రలేమి, చిన్నమాటకే కోపం. ఇంట్లోవారు కాస్త ఓర్చుకోవాలి. శరీరం నికోటిన్ లేకుండా ఉండడం నేర్చుకుంటోందనడానికి ఇవి గుర్తులు, కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. తలపు వచ్చినప్పుడు వజూ చేసుకోండి, సోంపు నమలండి. కొద్ది నిమిషాల్లో అది దాటిపోతుంది. జర్దా పాన్, గుట్కా మాత్రం దీనికి బదులు కావు.

ఒకనాడు జారి ఒకటి తాగారనుకోండి. మానిన రోజులన్నీ వృథా అయినట్టు కాదు, మర్నాడే మళ్లీ నియ్యత్ చేసుకోండి. ఏడాది గడిస్తే గుండెజబ్బు ముప్పు తాగేవారితో పోలిస్తే సుమారు సగానికి తగ్గుతుంది. సలహా కావలసినవారు ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356కు చేయవచ్చు.