రీల్‌లో సాఫీగా ఉన్న దారి.. అక్కడికెళ్తే ఎందుకంత కష్టం? స్టెబిలైజ్డ్ కెమెరాలు, డ్రోన్లు చేసే మాయ ఇదే!

వనజంగి మేఘాల మీద తేలుతున్నట్టు ఓ షాట్. గండికోట అంచు నుంచి ఒక్కసారిగా పెన్నా లోయలోకి దిగిపోయే ఇంకో షాట్. మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో బైక్ వెనకాలే గాల్లో వెళ్తున్న కెమెరా.. ఒక్క కుదుపు ఉండదు, ఒక్క వణుకు ఉండదు. ఫోన్‌లో చూసినవాళ్లకి వెంటనే వచ్చే ఆలోచన ఒక్కటే. "వీకెండ్‌లో వెళ్లొచ్చేద్దాం!"

తీరా వెళ్లాక మోకాళ్లు పట్టేస్తాయి, రాళ్లు జారతాయి. రీల్‌లో పార్కులో నడకలా కనిపించిన దారి నిటారుగా ఎదురొస్తుంది. అలాగని వీడియో తీసినవాళ్లు అబద్ధం చెప్పారా అంటే, అదీ లేదు. కెమెరా తన పని తాను చేసింది, అంతే. ఆ పనేంటో తెలిస్తే రీల్ చూసే పద్ధతీ మారుతుంది, తీసే పద్ధతీ మారుతుంది.

కుదుపు ఎక్కడికి పోయింది?

కెమెరా కదలకుండా చూడాలన్న తపన కొత్తది కాదు. 1976లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'రాకీ'లో హీరో మెట్లెక్కే సీన్‌ను గారెట్ బ్రౌన్ అనే కెమెరామన్ తను కనిపెట్టిన స్టెడీక్యామ్‌తోనే తీశారు. అప్పట్లో అది ఒంటికి కట్టుకునే బరువైన సరంజామా. ఇప్పుడదే పని జేబులో పట్టే యాక్షన్ కెమెరా చేసేస్తోంది. 2018లో గోప్రో హీరో 7 బ్లాక్ 'హైపర్‌స్మూత్' ఫీచర్‌తో వచ్చాక ఈ తరహా వీడియోలకు బాగా ఊపొచ్చింది.

లోపల జరిగేది ఇదీ. కెమెరాలో గైరో అనే చిన్న సెన్సర్ ఉంటుంది. కెమెరా ఎటు తిరిగింది, ఎంత వంగింది అన్నది సెకనుకు వందల సార్లు కొలుస్తూ ఉంటుంది. కెమెరా నిజానికి మనకు చూపించేదానికన్నా కాస్త పెద్ద బొమ్మనే తీస్తుంది. చెయ్యి కుడికి వణికితే లోపలి ఫ్రేమ్‌ను అంతే దూరం ఎడమకు జరుపుతుంది. మిగిలిన అంచులు కోసేస్తుంది. దీన్నే ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్, పొట్టిగా ఈఐఎస్ అంటారు. చాలా ఫోన్లలో లెన్స్ లేదా సెన్సరే కొద్దిగా కదిలి వణుకును సర్దే ఓఐఎస్ కూడా ఉంటుంది.

గింబల్ సంగతి వేరు. అందులో మూడు చిన్న మోటార్లుంటాయి. కెమెరా పక్కకు తిరిగినా, ముందుకు వంగినా, ఓ వైపు ఒరిగినా అవి వెంటనే ఎదురు తిప్పి నిలబెడతాయి. అయితే అడుగు వేసినప్పుడు మనిషి మొత్తంగా పైకీ కిందకీ ఊగుతాడు చూడండి, ఆ ఊపును మాత్రం మూడు మోటార్ల గింబల్ ఆపలేదు. గింబల్ పట్టుకున్న కుర్రాళ్లు మోకాళ్లు వంచి, పిల్లిలా అడుగులేస్తూ వింతగా నడిచేది అందుకే. చూడ్డానికి నవ్వొస్తుంది కానీ షాట్ మాత్రం బాగా వస్తుంది.

తెల్లవారుజామున వనజంగిలో ఈఐఎస్ ఎందుకు చేతులెత్తేస్తుంది అన్నది చాలామందికి అర్థం కాని విషయం. వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు ఒక్కో ఫ్రేమ్ తీయడానికి కెమెరా ఎక్కువ సేపు కన్ను తెరిచి ఉంచాలి. ఎర్రటి ఎండలో సెకనులో వెయ్యోవంతు సరిపోతే, చీకట్లో ముప్పయ్యోవంతు దాకా కావాలి. ఆ కాస్త టైమ్‌లో చెయ్యి కదిలితే ఆ ఫ్రేమే అలుక్కుపోతుంది. ఈఐఎస్ ఫ్రేమ్‌ను సరైన చోటుకు జరపగలదు కానీ, అలుక్కుపోయిన దాన్ని తేటగా చేయలేదు. ఫలితంగా వీడియో కదలకుండానే ఉంటుంది, కానీ ఉండుండి మసకబారుతూ కనిపిస్తుంది. సూర్యోదయం షాట్ కావాలంటే ట్రైపాడ్ పెట్టడం, అది లేకపోతే కదలకుండా ఓ రాయికి ఆనుకుని తీయడం తప్ప వేరే మంత్రం లేదు.

అసలు చిక్కు ఇక్కడే

కుదుపు చూసే వాళ్లకు చిరాకే. కానీ అది ఓ సమాచారం కూడా. నడిచే మనిషి తూలాడా, రాయి జారిందా, ఊపిరి అందక ఆగాడా అన్నది చూసేవాళ్లకు తెలిసేది దాని ద్వారానే. స్టెబిలైజేషన్ దాన్ని తుడిచేస్తుంది. దానికి తోడు యాక్షన్ కెమెరాల్లో ఉండేది వైడ్ లెన్స్. అది దగ్గరి నేలను సాగదీసి, దూరంగా ఉన్నవాటిని చిన్నగా చూపిస్తుంది. ఛాతీకో, హెల్మెట్‌కో పెట్టుకుని తీస్తే నిటారు వాలు కూడా మామూలు మెట్టలా కనిపిస్తుంది. ట్రెక్కింగ్, మౌంటెన్ బైకింగ్ చేసేవాళ్లు దీనికి 'గోప్రో ఎఫెక్ట్' అని పేరే పెట్టేశారు. ఇక హారిజన్ లాక్ ఆన్ చేశారంటే, మలుపులో బైక్ ఎంత ఒరిగినా వీడియోలో ఆకాశం అడ్డగీత గీసినట్టు తిన్నగానే ఉంటుంది. ఘాట్ రోడ్డు కాస్తా నేషనల్ హైవేలా అనిపిస్తుంది.

డ్రోన్ షాట్ అయితే ఇంకో మెట్టు పైకి వెళ్తుంది. మనిషి నిలబడలేని చోటు నుంచి చూపిస్తుంది. జలపాతం మొత్తం కనిపిస్తుంది సరే, అక్కడికి చేరడానికి దాటాల్సిన వాగు మాత్రం చెట్ల కింద దాక్కుంటుంది. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతం చూడ్డానికి వెళ్లిన పదుల మంది పర్యాటకులు, తిరిగొచ్చే దారిలో వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుపోయారు. ఎన్డీఆర్ఎఫ్ బృందాలు వెళ్లి వాళ్లను బయటకు తీసుకురావాల్సి వచ్చింది. అక్కడ ప్రమాదం జలపాతం దగ్గర రాలేదు, తిరుగు దారిలో వచ్చింది. ఏ రీల్‌లోనూ తిరుగు దారి ఉండదు కదా.

ఎగరేసేవాళ్లకూ అదే మోసం

స్టెబిలైజేషన్ చూసేవాళ్లనే కాదు, డ్రోన్ ఎగరేసేవాళ్లనూ బోల్తా కొట్టిస్తుంది. ఎదురుగాలి కొడుతుంటే డ్రోన్ గాలికి ఎదురు ఒరిగి, మోటార్లను గట్టిగా తిప్పుతూ పెనుగులాడుతుంది. కానీ దాని కింద గింబల్‌లో ఉన్న కెమెరా మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. స్క్రీన్ మీద బొమ్మ అద్దంలా నిలిచి ఉంటే పైలట్ అంతా బాగుందనుకుంటాడు. కింద ఆకు కూడా కదలకపోవచ్చు. కానీ కొండ అంచు దాటాక, వంద మీటర్ల ఎత్తులో గాలి లెక్క వేరు. చాలామంది వాడే 250 గ్రాముల్లోపు చిన్న డ్రోన్లు గంటకు 38 కిలోమీటర్ల గాలిని తట్టుకుంటాయని కంపెనీలు చెబుతాయి. లోయల్లో ఒక్కసారిగా వచ్చే విసురు అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. గాలి వాలున హాయిగా రెండు కిలోమీటర్లు వెళ్లిపోయి, వెనక్కి రావడానికి బ్యాటరీ చాలక పోగొట్టుకున్న డ్రోన్లు లెక్కలేనన్ని. అనుభవం ఉన్నవాళ్లు ముందు ఎదురుగాలిలోకి పంపుతారు. వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది.

ఎత్తు దగ్గరా ఇలాంటి తిరకాసే ఉంది. యాప్‌లో చూపించే ఎత్తు, డ్రోన్ లేచిన చోటు నుంచి లెక్క. దాని కింద ఉన్న నేల నుంచి కాదు. గండికోట అంచున నిలబడి డ్రోన్‌ను 80 మీటర్లు పైకి లేపి లోయ మీదకు తీసుకెళ్లారనుకోండి. లోయ లోతు సుమారు 300 అడుగులు, అంటే 90 మీటర్ల పైనే. యాప్ 80 అంటుంది, నేల నుంచి చూస్తే 170 దాటిపోయింది. అనుమతి అక్కర్లేని ఎత్తు 400 అడుగులు, దాదాపు 120 మీటర్లే.

దీనికి రివర్స్ కూడా ఉంది. కొండ కింద పార్కింగ్ దగ్గర డ్రోన్ లేపి, గట్టు అవతలకు పంపారు. సిగ్నల్ తెగింది. 'రిటర్న్ టు హోమ్' ఎత్తు 30 మీటర్లని సెట్ చేసి ఉంటే డ్రోన్ బుద్ధిగా తిన్నగా ఇంటి దారి పడుతుంది. మధ్యలో గట్టు ఎత్తు 60 మీటర్లుంటే దాన్నే గుద్దుకుంటుంది. అందుకే ఎగరేసే ముందు చుట్టూ ఉన్న ఎత్తైన చెట్టు, టవర్, గట్టు చూసుకుని ఆ నంబర్ మార్చుకోవాలి. చేసేది ఒక్క నిమిషం పని. ఎవరూ చేయరు!

నీటి మీద తక్కువ ఎత్తులో ఎగిరితే కింద ఉండే సెన్సర్లు అలలను చూసి తికమకపడతాయి. జలపాతం తుంపర మోటార్లలోకి పోతుంది. మేఘంలోకి దూరిస్తే ఒళ్లంతా తడిసిపోవడమే కాదు, అడ్డంకుల్ని చూసే కెమెరాలు గుడ్డివవుతాయి. బైక్‌ను వెంబడించే ఫాలో మోడ్‌లో సన్నటి కరెంటు తీగలు, ఎండు కొమ్మలు చాలా డ్రోన్లకు కనిపించవు.

'చిన్న డ్రోనే కదా' అంటే కుదరదు

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల్లోపు డ్రోన్లు నానో కేటగిరీ. వాటికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 2 కిలోల వరకు ఉండే మైక్రో డ్రోన్లకు కూడా, వ్యాపారం కోసం కాకపోతే అక్కర్లేదు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. కానీ సర్టిఫికెట్ మినహాయింపు అంటే ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు. డిజిటల్ స్కై ఎయిర్‌స్పేస్ మ్యాప్‌లో దేశం మొత్తాన్ని గ్రీన్, ఎల్లో, రెడ్ జోన్లుగా చూపిస్తారు. గ్రీన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అవసరం లేదు. విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే అది 200 అడుగులే. ఎల్లోలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి ఉండాలి, రెడ్‌లో కేంద్రం అనుమతి కావాలి. రూల్స్ మీరితే జరిమానా లక్ష రూపాయల వరకు. వీఐపీ పర్యటనల్లాంటి సందర్భాల్లో ఏ ప్రాంతాన్నైనా 96 గంటల దాకా తాత్కాలికంగా రెడ్ జోన్ చేసే అధికారం కూడా ఉంది. అంటే నిన్న గ్రీన్‌గా ఉన్న చోటు ఈరోజు రెడ్ కావొచ్చు.

మ్యాప్‌లో గ్రీన్ ఉన్నా సరిపోదు. పాపికొండలు, నల్లమల, అమ్రాబాద్, కవ్వాల్ లాంటి రక్షిత అడవుల్లో వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. అక్కడ షూటింగ్‌కు అటవీ శాఖ అనుమతి కావాలి. పురావస్తు శాఖ కట్టడాల దగ్గర వాళ్ల అనుమతి వేరే. తిరుమలలో అయితే డ్రోన్లు నిషిద్ధం. విశాఖ బీచ్ షాట్ అనుకునేవాళ్లు నౌకాదళం ప్రాంతాలు ఎక్కడెక్కడున్నాయో మ్యాప్‌లో చూడకుండా బ్యాగ్ తెరవకపోవడమే మంచిది.

"అమెరికా నుంచి అన్నయ్య వస్తున్నాడు, డ్రోన్ తెప్పించుకుందాం" అనే ప్లాన్ చాలా ఇళ్లలో ఉంటుంది. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ రెడీమేడ్ డ్రోన్ల దిగుమతిపై కేంద్రం నిషేధం పెట్టింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే అన్నయ్య సమాధానం చెప్పుకోవాలి.

రీల్‌ను చదవడం ఎలా?

వెళ్లాలనుకున్న చోటు వీడియోను ఇంకోసారి, ఈసారి నేలను కాకుండా చెట్లను చూడండి. వాలు ఎంత ఉన్నా చెట్లు ఎక్కువగా తిన్నగా పైకే పెరుగుతాయి. మానుకు, నేలకు మధ్య కోణం ఇరుకుగా ఉంటే వాలు గట్టిగా ఉన్నట్టే, లెన్స్ ఎంత చదును చేసినా. నడిచేవాళ్ల చేతులు రాళ్లను పట్టుకుంటున్నాయా, పక్కకు తిరిగి దిగుతున్నారా గమనించండి. జంప్ కట్ ఎక్కడ పడిందో చూడండి, చాలాసార్లు కష్టమైన ముక్క ఎగిరిపోయేది అక్కడే.

తీసేవాళ్లు కూడా ఓ పని చేయొచ్చు. ఆ కష్టమైన చోట స్టెబిలైజేషన్ ఆపేసి ఓ పది సెకన్లు మామూలుగా తీసి కలపొచ్చు. గండికోట అంచు నుంచి కిందకు చూసే షాట్‌లో పక్కన ఓ మనిషి ఉంటే లోతు ఇట్టే తెలుస్తుంది. ఏ నెలలో తీశారో క్యాప్షన్‌లో రాయాలి. కుంటాల జలపాతం జనవరిలో ఒకలా, ఆగస్టులో ఇంకోలా ఉంటుంది. జనవరిలో తీసిన వీడియో వానాకాలంలో వైరల్ అయితే, చూసినవాళ్లు ఆ రాళ్ల మీదకే బయల్దేరతారు.