చెలిమియు, చెలిమెయు

వేసవిలో వాగెండినప్పుడు ఇసుకలో మూరెడు లోతున గుంట త్రవ్వి, అందూరిన నీటిని చిప్పతో తోడుకొనుట తెలంగాణ పల్లెలలో పెద్దలెల్లరును ఎరిగిన పనియే. ఆ గుంటకు చెలిమె యని పేరు. చెలిమెకొక ధర్మము కలదు. తోడినకొలదిని ఊరును, తోడుట మానితిమా, పూడిపోవును. త్రవ్వినవాడొకడు, త్రాగువారు పదుగురు. వచ్చిన ప్రతివాడును జారిన ఇసుకను కొంత తీసివేసి తన కుండ నింపుకొనును. స్నేహమునకు మన భాషలో చెలిమి యని పేరున్నది. ఈ రెండు మాటల పుట్టుక యొకటియో కాదో శబ్దవేత్తలు తేల్తురు గాక. పిల్లలకొరకు పుస్తకములు వ్రాయువారి చరిత్ర చూచినవానికి మాత్రము ఈ రెండింటికి భేదము కానరాదు.

ఈ తలంపు నాకు కలిగినది మేడ్చల్, శామీర్‌పేటల నడుమనున్న యొక పల్లె పాఠశాలలో. పిల్లలకు నాలుగు మాటలు చెప్పుమని పిలిచిరి, పోతిని. పెద్ద పంతులుగారి గదిలో ఒక ఇనుప బీరువా యుండెను. అద్దపు తలుపులో నుండి రంగురంగుల బొమ్మల పుస్తకములు కానవచ్చుచుండెను. తలుపునకు తాళము. అద్దముమీద, సరిగా నా నడుము ఎత్తున, చిన్న చిన్న వ్రేళ్ల గుర్తులు. "ఇచ్చితినా, చింపుదురండి. లెక్క చెప్పవలసినవాడను నేను" అని పంతులుగారనిరి. ఆయనను తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. ఆ తాళమును గురించి మరల ముచ్చటింతును.

నగరమునకుత్తరమున రెండు రాజమార్గములు చీలి, ఒకటి మేడ్చల్ మీదుగ నాగపురమునకును, వేరొకటి శామీర్‌పేట మీదుగ కరీంనగరమునకును పోవును. నిజాముల కాలమున మేడ్చల్ తాలూకా అత్రాఫె బల్దా జిల్లాలోనిది. అనగా ప్రభువు సొంత ఖజానాకు పన్ను చెల్లించిన సర్ఫెఖాసు భూమి. బడులలో ఉర్దూ రాజ్యమేలిన ఆ దినములలో తెనుగు పిల్లవానికి తెనుగు కథల పుస్తకము దొరకుట గగనము. నైజాము రాష్ట్రమున తెనుగు కవులే లేరన్న యాక్షేపణ వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డిగారు 354 మంది కవులను కూడగట్టి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఒంటరి కవి అట్టి మాటకు జవాబు చెప్పలేడు; అంతమంది ఒక్క అట్టలో చేరినప్పుడు వేరుగ జవాబు చెప్పనక్కరలేదు. అది పెద్దల సాహిత్యపు ముచ్చట. నేడా సీమయే 2016 నుండి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. శామీర్‌పేటలో న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయమున్నది. మేడ్చల్ చుట్టును కర్మాగారములున్నవి. ఒడిశా, బీహారుల నుండి వచ్చిన కూలీల పిల్లలు మన బడులలో తెనుగక్షరములు దిద్దుచున్నారు. ఇంట తెనుగు వినని పిల్లవానికి మన భాషలోనికి సింహద్వారము బొమ్మల కథయే. ఆ ద్వారమునకు తాళము పడియున్నది.

పెద్దల సాహిత్యమునకు విమర్శకులున్నారు, సభలున్నవి, వివాదములున్నవి. మెచ్చువాడు లేకున్నను తిట్టువాడైన దొరకును. బాలల రచయితకా భాగ్యమును లేదు. అతని పాఠకుని చేతిలో డబ్బుండదు. కొనువాడు తండ్రి, చదువువాడు కొడుకు. మెచ్చిన పిల్లవాడు సమీక్ష వ్రాయడు, అట్ట ఊడువరకు చదివి ఊరకుండును. పిల్లల కథలా, అవి యెవరైన వ్రాయవచ్చునని సాటి రచయితలలోనే కొందరు పెదవి విరుతురు. కావున అతనికి తొలి పాఠకుడు, దిద్దువాడు, ఒక్కొక్కప్పుడు అచ్చుకూలికి అప్పిచ్చువాడు కూడ మరియొక బాలల రచయితయే యగుచున్నాడు.

మన పూర్వతరములవారు బడిలో చదివిన గద్యమునకు మొదటి పాఠమే మిత్రలాభము. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను వెలువరించుచు మిత్రలాభ, మిత్రభేదములను మాత్రమే రచించెను. వలలోబడిన పావురములు ఒక్కుమ్మడి నెగిరి, వలతో సహా మూషికమిత్రుని కలుగుకడకు చేరుట ఆ కథయందే యున్నది. మిగిలిన భాగములను తరువాత కందుకూరి వీరేశలింగముగారు పూరించిరి. విగ్రహమును కొక్కొండ వెంకటరత్నముగారును వ్రాసిరి. ఈ యిరువురును పత్రికలలో ఒకరినొకరు చెండాడుకొన్నవారు! విగ్రహము వ్రాయుటకు వారికంటె తగినవారు దొరకరని ఎవరైన నవ్వినచో కాదనలేము. అయినను ఒకరు విడిచిన కుండను వేరొకరు ఎత్తుకొనుట మన బాలవాఙ్మయమున నాడే మొదలైనది.

చింతా దీక్షితులుగారి మాట తలపక ముందుకు పోరాదు. విద్యాశాఖలో ఉద్యోగము చేయుచు, పిల్లల మాటను పిల్లల మాటగనే విని, సూరి, సీతి, వెంకి యను పసివారిని తెనుగు కథలోనికి తెచ్చిన సౌమ్యుడాయన. ఆయన స్నేహితుడెవరు? లోకమంతయు వెలివేసిన చలము! చలముగారును బడుల తనిఖీదారే; బిడ్డల శిక్షణ యను గ్రంథము వ్రాసి, పిల్లలను కొట్టరాదని, భయపెట్టరాదని వాదించినవాడు. ఒకరిది మృదుమార్గము, వేరొకరిది ధిక్కారము. ఇద్దరికిని కలిసినచోటు పసివాని స్వేచ్ఛ. నలుగురును చలమును ఇంటికి రానీయని దినములలో దీక్షితులుగారు తలుపు మూయలేదు. చలమును రమణాశ్రమమునకు తొలుత తోడ్కొనిపోయినవారును ఆయనయే. చలము దీక్షితులుగారికి వ్రాసిన యుత్తరములు అచ్చయి నేటికిని చదువబడుచున్నవి. పిల్లలనుగూర్చి ఇంత తెగువగ ఆలోచించిన యిద్దరు ఒకే యుద్యోగశాఖలో ఒకరికొకరు దొరకుట తెనుగువారి యదృష్టము. వారు విడివిడిగ నుండినచో ఏమగుదురో ఊహింపజాలను.

ఇక 1945. మదరాసులో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, పిల్లలకు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యనియే తెలిసినవారు, బాల యను మాసపత్రికను స్థాపించిరి. రేడియోలో పిల్లల గొంతు వినిపించినట్లే పత్రికలో పిల్లల వ్రాతయు కనిపింపవలెనని వారి పట్టుదల. ఆ సంవత్సరముననే ఒక పదునాలుగేండ్ల బాలుడు పంపిన కథ అందచ్చయ్యెను. పేరు అమ్మ మాట వినకపోతే. వ్రాసినవాడు ముళ్లపూడి వెంకటరమణ. తండ్రి చిన్ననాడే పోయి, తల్లి రెక్కల కష్టముతో బ్రదుకుచున్న పిల్లవాడు. ఆ పత్రికయందే బొమ్మలు వేసిన వేరొక బాలుడు సత్తిరాజు లక్ష్మీనారాయణ, లోకమునకు బాపు. ఇద్దరును మైలాపూరులోని పి.ఎస్. ఉన్నత పాఠశాలలో చదువుకొన్నవారు. కథ అచ్చయిన యుత్సాహమున రమణ ఉదయభాను అను పత్రికను మొదలుపెట్టెను. సంపాదకుడు తాను, చిత్రకారుడు బాపు. ప్రదర్శన యొకటి పెట్టి, వచ్చిన డబ్బుతో నకళ్లు తీయు డూప్లికేటింగు యంత్రము కూడ కొన్నారట! ఈ వయసున మన పిల్లలు డబ్బు చేతికి వచ్చినచో ఏమి కొనుచున్నారో పాఠక మహాశయులే యోచింతురు గాక.

ఆ చెలిమి అటుమీద అరువదియేండ్లు నడిచినది. 1956లో ఆంధ్రపత్రిక వారపత్రికలో బుడుగు పుట్టినప్పుడు మాట రమణది, రూపు బాపుది. బుడుగును రమణ యొక్కడే వ్రాసెననుటకు నోరు రాదు. ఆ బొమ్మ కనులముందు లేక ఆ మాటలు వినిపింపవు. ఒకే యింట రెండు కుటుంబములు కాపురముండి, 2011లో రమణయు, 2014లో బాపుయు గతించువరకు ఇది యెవరి భాగము, అది యెవరి భాగమని లెక్క వేసుకొనలేదు. దీనికంతకును మొదట ఇద్దరు పెద్దలు ఒక బాలుని కాగితమును చెత్తబుట్టలో వేయక చదివియుండిరి. రాఘవరావు దంపతులు 1956లో హైదరాబాదునకు వచ్చి బాలానందమును ఇచ్చట పాదుకొల్పిరి. బాల పత్రిక 1959 వరకే నడిచినది. పత్రిక పోయినను దాని వెలుగు ఆరలేదు.

బాల తరువాత రెండేండ్లకు, 1947 జూలైలో, నాగిరెడ్డి, చక్రపాణిగార్లు చందమామను వెలయించిరి. 1952లో కొడవటిగంటి కుటుంబరావుగారందు చేరి, 1980లో మరణించువరకు పనిచేసిరి. పెద్దల నవలలతో, వ్యాసములతో దేశమున పేరు పొందిన ఆయన, ఎక్కడెక్కడినుండియో వచ్చిన కథలను పిల్లలకు తెలియు పలుకుబడిలో తిరుగవ్రాసి, తన పేరు వేసికొనక మరియొకరి పేరుతో అచ్చుకిచ్చెడివారు. పంపినవాడు తన కథను చూచుకొని, ఇంత చక్కగ వ్రాసితినా యని మురిసియుండును. ఆ సంవత్సరముననే చేరిన దాసరి సుబ్రహ్మణ్యంగారు తోకచుక్క మొదలుకొని ధారావాహికలు వ్రాసిరి. వానికి రచయిత పేరే వేయబడలేదు. చిత్రాగారు వేసిన రాకాసులను తలచుకొని నిద్రలో ఉలికిపడిన పిల్లలు లక్షలున్నారు. ఆ రాకాసులను కల్పించినవాడెవడో ఎరిగినవారు పదిమంది లేరు. చాలకాలమునకు, తలలు నెరసిన పాఠకాభిమానులు పూనుకొనగా ఆ కథలు పుస్తకములై దాసరివారి పేరు అట్టమీద కెక్కినది. ఆయన 2010లో గతించిరి.

పేరు దాచుకొనుట గొప్పగుణమని కొందరు చెప్పుదురు. నేనంత దూరము పోను. చేసిన పనికి పేరు చెల్లింపకుండుట సంస్థలకు సుఖము, రచయితకు నష్టము. నేను మెచ్చునది వేరొకటి: సాటివాని వాక్యమును తనదివలె శ్రద్ధతో దిద్దిన చేయి.

ఇచ్చట నేటి స్థితిని గూర్చి చేదుమాట యొకటి చెప్పక తప్పదు. నేడు బాలల రచయితలు పెక్కురు తమ డబ్బుతోనే ఐదువందలో వేయియో ప్రతులు వేయించి, సగము సాటి రచయితలకే పంచుచున్నారు. ఆయన పుస్తకమునకు ఈయన పీఠిక, ఈయన పుస్తకమునకు ఆయన పీఠిక. ఒంటె పెండ్లిలో గాడిద పాడగా, ఒంటె అందమును గాడిదయు, గాడిద గాత్రమును ఒంటెయు పొగడుకొన్న కథ వీరెల్లరు పిల్లలకు చెప్పినదే! "ఈ కథ నా మనుమనికి చదివి వినిపించితిని, రెండవ పుటలో నిద్రపోయెను" అని మిత్రునికి చెప్పగలవాడు ఎందరిలో నొక్కడు? కుటుంబరావుగారు తిరుగవ్రాసినదియు చెలిమియే. పొగడ్త చెలిమె గట్టున కూర్చుండుట వంటిది. ఇసుక తీయువాడు వేరు.

ఇసుక తీయువారును లేకపోలేదు. సికింద్రాబాదు కేంద్రముగ మంచి పుస్తకము అను సంస్థ చవుక వెలకు పిల్లల పుస్తకములు తెచ్చుచున్నది. అమెరికాలోని తానా సంఘముతో కూడి బొమ్మల కథలకు పోటీ పెట్టి, రచయితను, చిత్రకారుని జంటగ పనిచేయించుచున్నది. వేదకుమార్‌గారు నడిపిన బాలచెలిమి పత్రిక పేరులోనే నేను చెప్పదలచిన దంతయు నున్నది. బడిపిల్లలు స్వయముగ వ్రాసిన కథలను తెలంగాణ జిల్లాలనుండి కూర్చి ఆ పక్షమువారు పుస్తకములు వేసిరి. కేంద్ర సాహిత్య అకాడమి 2010 నుండి బాలసాహిత్య పురస్కారమిచ్చుచున్నది; తెనుగున 2020లో దానిని పొందిన కన్నెగంటి అనసూయగారి కథల సంపుటి పేరు స్నేహితులు. పురస్కారము మంచిదే కాని, అది వ్రాసినవానిని చేరును, పుస్తకము పిల్లవానిని చేరుటకు చాలదు.

మేడ్చల్, శామీర్‌పేట భూస్వాములలో ఈ పత్రికను చదువువారు కలరు. గుంట భూమి వెల తాతలు కలగననంతటిదైనది. దారి పొడుగున పెండ్లి మండపములు వెలసినవి. ఒక పెండ్లిలో ద్వారతోరణమునకగు పూలవెలతో ఒక బడికి నూరు బొమ్మల పుస్తకములు వచ్చును. పేరు కావలెనన్నచో పుస్తకము లోపలి పుటలో వేసికొనవచ్చును, ఎవరును కాదనరు.

తాళము సంగతి చెప్పెదనంటిని. నేను బ్రతిమాలగా పంతులుగారు ఆ దినమునకు మాత్రము బీరువా తెరచిరి. నేను తీసిన తొలి పుస్తకమున ఒక రచయిత తన మిత్రుడైన వేరొక రచయితకు సమర్పించిన సంతకముండెను. దాని క్రింద వేరొక సిరాతో ఆ మిత్రుడు "బడిపిల్లలకు" అని వ్రాసి యిచ్చటికి పంపియుండెను. పుట లింకను అంటుకొనియే యున్నవి. ఎవరును విప్పి చదివినట్లు లేదు. గంట గడువకమునుపే పిల్లలిద్దరు ఆ పుస్తకముకొరకు పెనగులాడగా ఒక పుట చిరిగినది. పంతులుగారు నావైపు చూచిరి. ఒడియా కూలీల బిడ్డ యొకతె మధ్యాహ్న భోజనపు పళ్లెములోని మెతుకులు నాలుగు నలిపి ఆ పుటనతికించి, ఎండలో ఆరబెట్టి, ఆరువరకు దానిప్రక్కనే కూర్చుండి, తరువాతి పుటలోని బొమ్మ క్రింది అక్షరములను వ్రేలితో కూడబలుకుకొనుచుండెను.