వాంకూవర్ నేల కింద లంకెబిందెలున్నాయా?

ఆదివారం వస్తే స్పానిష్ బ్యాంక్స్ బీచ్‌కి వెళ్లేవాళ్లు మనవాళ్లలో చాలామందే. అక్కడి నుంచి ఒడ్డు పట్టుకుని యూబీసీ వైపు నడిస్తే టవర్ బీచ్ వస్తుంది. రంగురంగుల రాతలతో నిండిపోయిన రెండు కాంక్రీటు బురుజులు నీళ్ల పక్కనే నిలబడి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లకు వాటిని చూపించి, "ఈ కొండ లోపలంతా మిలిటరీ సొరంగాలేనట! యుద్ధం నాటి మందుగుండు ఇంకా సీలు వేసి దాచారట" అని చెప్పే సీనియర్ అన్నయ్య ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. మన ఊళ్లలో పాత కోట కనిపిస్తే కింద లంకెబిందెలున్నాయని చెప్పుకోవడం లేదూ, ఇదీ అంతే. మరి ఇందులో నిజం పాలెంత?

మ్యూజియం కింద ఫిరంగి అరుగు

కొంత నిజం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పాయింట్ గ్రే కొండ మీద ఆరంగుళాల ఫిరంగులు మూడు బిగించారు. బరార్డ్ ఇన్‌లెట్‌లోకి శత్రు నౌకలు చొరబడకుండా కాపలా అన్నమాట. టవర్ బీచ్‌లోని బురుజులు రాత్రిపూట సముద్రం మీదికి సెర్చ్‌లైట్లు వేయడానికి కట్టినవి. ఫిరంగుల అడుగున గుండ్లు నిల్వచేసే గదులు, సొరంగాలు కూడా ఉండేవి. యుద్ధం ముగిశాక ఫిరంగులు తీసేశారు. 1976లో అక్కడే మ్యూజియం ఆఫ్ ఆంత్రోపాలజీ వెలిసింది. లోపల హైదా జాతి శిల్పి బిల్ రీడ్ చెక్కించిన పెద్ద బొంతకాకి శిల్పం చూశారా? అది కూర్చున్నది పాత ఫిరంగి అరుగు మీదే! రహస్య స్థావరం అనుకున్న చోటుకి ఇప్పుడు టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చు.

ఇంతకీ వాంకూవర్ ఫిరంగులు కూల్చిన శత్రు నౌకలెన్ని? ఒక్కటీ లేదు. 1942 సెప్టెంబర్‌లో లయన్స్ గేట్ వంతెన దగ్గరి ఫిరంగి ఓ చేపల పడవను హెచ్చరించడానికి పేలితే, ఆ గుండు నీటి మీద ఎగిరిపడి వెళ్లి, ట్రయల్‌కి బయల్దేరిన 'ఫోర్ట్ రే' అనే సొంత సరుకు నౌకకే చిల్లు పెట్టింది.

పోయిన బాంబు, చెప్పని బాంబులు

బ్రిటిష్ కొలంబియాలో అన్నిటికంటే ఎక్కువగా ప్రచారంలో ఉన్న కథ 'పోయిన అణుబాంబు'. 1950 ఫిబ్రవరిలో అలాస్కా నుంచి టెక్సాస్‌కు బయల్దేరిన అమెరికా బి-36 బాంబర్ ఈ తీరం దగ్గర ఇంజన్లలో మంటలు లేచి ఆపదలో పడింది. సిబ్బంది 17 మందిలో అయిదుగురు దక్కలేదు. బాంబును ముందే సముద్రం మీద వదిలి గాల్లోనే పేల్చేశామని, అందులో ప్లుటోనియం గుండె లేదని అమెరికా చెప్పింది. విమాన శకలాలు 1953లో ఉత్తరాన కొండల్లో బయటపడ్డాయి. 2016లో హైదా గ్వాయి సమీపంలో ఓ డైవర్‌కి నీటి అడుగున వింత వస్తువు కనిపించగానే 'బాంబు దొరికింది' అని ప్రపంచమంతా మోగిపోయింది. నేవీ వెళ్లి చూస్తే ఏదో పాత యంత్రభాగం!

విచిత్రమేమిటంటే, పోయిన ఒక్క బాంబు కోసం ఇంత వెతుకులాట జరిగినా, నిజంగా దాచిన వాటి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. వాంకూవర్ ఐలాండ్‌లోని కోమాక్స్ వైమానిక స్థావరంలో 1965 నుంచి 1984 దాకా 'జీనీ' అణు రాకెట్లు ఉండేవి. కెనడా వూడూ విమానాలకు అవి ఆయుధాలు, తాళాలు మాత్రం అమెరికా చేతిలో. ఉన్నాయా అని జనం అడిగితే ప్రభుత్వం అవుననీ అనేది కాదు, కాదనీ అనేది కాదు. అలా నోరు మూసుకుని కూర్చుంటే పుకార్లు పుట్టకేం చేస్తాయి?

ఖాళీ గిడ్డంగి

సరే, ఇంత పెద్ద దేశం కదా, ఆపదకి ఎక్కడో కుప్పలు తెప్పలుగా దాచే ఉంటారు అనుకుంటాం. మన విశాఖలో కొండరాతిని తొలిచి 13.3 లక్షల టన్నుల ముడిచమురు నిల్వచేసే గుహలు కట్టారు, 2015లో సిద్ధమయ్యాయి. అందులో గుట్టేమీ లేదు, లెక్క అందరికీ తెలుసు. కెనడాకి మాత్రం అలాంటి చమురు నిల్వ లేనే లేదు. చమురు ఎగుమతి చేసే దేశం కాబట్టి ఆ నిబంధన వర్తించదు.

మాస్కుల సంగతి ఇంకా అన్యాయం. అత్యవసర వైద్య నిల్వలోని ఎన్95 మాస్కులు సుమారు 20 లక్షలు గడువు దాటి పడి ఉంటే, 2019లో రెజైనా గిడ్డంగి మూసేటప్పుడు పారేశారు. కొత్తవి ఆ స్థానంలో పెట్టలేదు. మరుసటి మార్చిలో నార్త్ వాంకూవర్ లిన్ వ్యాలీ కేర్ సెంటర్‌లో కెనడా తొలి కోవిడ్ మరణం సంభవించింది. కేర్ హోముల్లో డ్యూటీ చేసేవాళ్లు, వాళ్లలో మన దేశంవాళ్లు ఎందరో, మాస్కులు పొదుపుగా వాడాల్సి వచ్చిన రోజులవి.

దొరికితే తాకొద్దు

ఇక అసలు సంగతి. నేలలో నిజంగా మిగిలినవి ఉన్నాయి. నిధులు కావు, పేలని గుండ్లు. ఓకనాగన్‌లోని వెర్నన్ చుట్టుపక్కల రెండు ప్రపంచ యుద్ధాల కాలంలోనూ సైనికులకు శిక్షణ జరిగింది. కలమాల్కా లేక్ పార్కులోని కోజెన్స్ బే, ఓకనాగన్ ఆదివాసుల భూములు కాల్పుల మైదానాలుగా వాడుకున్నారు. పేలకుండా మిగిలిన మోర్టారు గుండ్ల వల్ల యుద్ధం అయ్యాక కూడా ప్రాణాలు పోయాయి. ఏరివేత ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది.

పళ్ల తోటల్లో, రోడ్డు పనుల్లో, ఇళ్ల పునాదుల దగ్గర మట్టి తవ్వేవాళ్లలో వలసొచ్చినవాళ్లూ ఉంటారు. తుప్పుపట్టిన ఇనుప గొట్టంలాంటిది తగిలితే ఇత్తడి ధర పలుకుతుందని ఇంటికి తేవద్దు. పారతో కొట్టొద్దు. ఉన్నచోటే వదిలి, గుర్తు పెట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచి 911కి ఫోన్ చేయాలి. ఇంగ్లీషు తడబడినా భయం లేదు, మీ భాష పేరు ఇంగ్లీషులో చెబితే దుబాసీని లైన్లోకి తీసుకుంటారు.

"పర్మిట్ మీద ఉన్నాం, సూపర్‌వైజర్‌తో గొడవెందుకు" అని ఆగిపోయేవాళ్లూ ఉంటారు. ప్రమాదమని నమ్మడానికి కారణం ఉన్న పని చేయనని చెప్పే హక్కు ఈ ప్రావిన్స్‌లో ప్రతి కార్మికుడికీ ఉంది, తాత్కాలిక పర్మిట్ మీద వచ్చినవాళ్లకూ అదే చట్టం. ముందు సూపర్‌వైజర్‌కి చెప్పాలి, ఆయన వినకపోతే వర్క్‌సేఫ్ బీసీకి ఫోన్ చేయొచ్చు.

మరో మాట. మన దగ్గర రైస్ పుల్లర్ పేరుతో మోసం చేసినట్టే, ఇక్కడ 'విదేశంలో డ్యూటీ చేస్తున్న సైనికుణ్ణి, దాచిన డాలర్ల పెట్టె దొరికింది, పంపడానికి ఖర్చులు మీరు కట్టండి' అంటూ మెయిళ్లు వస్తుంటాయి. పెట్టె ఉండదు, కట్టిన డబ్బు తిరిగి రాదు. అలాంటివి వస్తే కెనడియన్ యాంటీ ఫ్రాడ్ సెంటర్‌కి ఫిర్యాదు చేయండి, డబ్బు కట్టేసి ఉంటే మీ బ్యాంకుకి కూడా వెంటనే చెప్పండి.