పుట్టలను త్రవ్వు అలుగు

అలుగు అనగానే మన గ్రామములలో చెరువు అలుగు జ్ఞప్తికి వచ్చుట సహజము. అదే పేరు గల జంతువొకటి కలదు. రాత్రివేళ మాత్రమే సంచరించుటచే దానిని చూచినవారు అరుదు. భూపాలపల్లి, మహబూబాబాదు జిల్లాల అడవులును, జనగామ ప్రాంతపు రాతిగుట్టలును ఇట్టి జీవికి అనువైన తావులు.

అలుగు తోకతో కలిపి ఇంచుమించు మూడు, నాలుగు అడుగుల పొడవుండును. ఇంటికప్పుపై గూనపెంకులవలె, 160 నుండి 200 వరకు గట్టి పొలుసులు దాని మేనిని కప్పియుండును. కడుపుపై మాత్రము పొలుసులుండవు. దీనికి పండ్లు లేవు. చీమలు, చెదలు దీని ఆహారము. వాసనచే పుట్టను కనుగొని, ముందుకాళ్ళ వాడిగోళ్ళతో త్రవ్వి, జానెడు పొడవుగల జిగట నాలుకతో పురుగులను లోనికి తీసికొనును. పంటను, కలపను పాడుచేయు చెదలు మితిమీరకుండుటకు ఇది తోడ్పడును. పగలు బొరియలో నిద్రించును. సామాన్యముగ ఒక కాన్పునకు ఒకటే పిల్ల. తల్లి దానిని తోకపై ఎక్కించుకొని తిరుగును. కావున ఒక్క అలుగు చచ్చినను ఆ లోటు త్వరగా తీరదు.

అపాయము కలిగినపుడు అలుగు బంతివలె చుట్టుకొనును. అప్పుడు దానిని విప్పుట చిరుతపులికి సైతము కష్టము. కాని మనుష్యుని ముందు ఈ ఉపాయము పనిచేయదు. పరుగెత్తదు, కరవదు, ఎవరైనను గోనెసంచిలో వేసికొని పోవచ్చును. పొలుసులు మందునకు పనికివచ్చునను నమ్మకమే ఈ వేటకు ముఖ్యకారణము. నిజమునకు ఆ పొలుసులు మన గోళ్ళవంటి పదార్థమే. చైనా దేశము సైతము 2020లో వానిని తన అధికారిక ఔషధ గ్రంథపు జాబితానుండి తొలగించినది. ప్రపంచమందలి ఎనిమిది జాతుల అలుగుల అంతర్జాతీయ వ్యాపారమును నిషేధింప 2016లో దేశములు నిర్ణయించినవి.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో అలుగు చేరియున్నది. దానిని వేటాడినను, అమ్మినను 3 నుండి 7 సంవత్సరముల వరకు కారాగార శిక్షయు, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానాయు కలదు. దళారి మాటలు నమ్మి సంచి మోసిన కూలివాడును ఈ శిక్షకు లోనగును. ఈ సంగతి గ్రామసభలో సభ్యులే తెలియజెప్పవలెను.

అలుగు ఊరిచేరువకు వచ్చినచో కుక్కలను తరిమి, గుంపును దూరముగ నుంచి, దానిని తాకక, వెంటనే అటవీ సిబ్బందికి తెలుపవలెను. ఉచ్చులు, విద్యుత్తు తీగలు పెట్టువారిని వారింపవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ఏర్పడు గ్రామ సంఘము తన రిజిస్టరులో అలుగును కూడ నమోదు చేయవలెను.

చెరువు అలుగు తెగినచో ఊరంతయు పరుగెత్తి వచ్చును. నోరులేని ఈ అలుగు విషయమున ముందుగా కదలవలసినవారు పంచాయతీ సభ్యులే.